పొట్లం కాగితం

నేను 1996లో కాపురానికి వచ్చిన కొత్తలో మా సందు చివర కిరాణా కొట్టులో ఏం కొన్నా కాగితం పొట్లమే. పావుకిలో చింతపండుకి ఒక సైజు కాగితం, వంద గ్రాముల జీలకర్రకి ఇంకో సైజు. కొట్టాయన చెయ్యి చూస్తుండగానే కాగితాన్ని శంఖంలా చుట్టి, సరుకు పోసి, పురికొస రెండు చుట్లు తిప్పి తెంపేవాడు. ఇంటికొచ్చి డబ్బాల్లో పోసుకున్నాక ఆ కాగితాలు చదవడం నాకు అలవాటు. పుట్టింట్లో వారపత్రికలు వచ్చేవి, ఇక్కడ రావు. అందుకని పొట్లం కాగితాలే నా పత్రికలు. సగం కథ, సగం సినిమా పేజీ, ఎవరిదో లెక్కల నోట్సు. ఒకసారి పదో తరగతి సాంఘికశాస్త్రం జవాబు పత్రం వచ్చింది. మొదటి పేజీలో ఎర్ర సిరాతో పదకొండు మార్కులు. ఆ పిల్లో పిల్లాడో ఎవరో గానీ అక్బరు గురించి రెండు పేజీలు కష్టపడి రాశారు పాపం.

ఇంకోసారి కందిపప్పు పొట్లంలో ఉత్తరం ముక్క వచ్చింది. ఎవరో అక్క తమ్ముడికి రాసింది. "ఆయనకి తెలియకుండా" అన్న దగ్గర కాగితం చిరిగిపోయింది. నేను వంటింటి గట్టు మీద కూర్చుని ఆ నాలుగు లైన్లు మళ్ళీ మళ్ళీ చదువుతుంటే అత్తయ్య వచ్చి నా చేతిలోంచి తీసుకున్నారు. "ఎవరి గొడవో, మనకెందుకమ్మా" అని చుట్టచుట్టి చెత్తడబ్బాలో వేసేశారు. చదవలేదు. ఆవిడకి చదువు వచ్చు, అయినా చదవలేదు. నాకప్పుడు కాస్త కోపం కూడా వచ్చింది, మిగతా ముక్క ఏ పొట్లంలో ఉందో వెతకనివ్వలేదని.

పొట్లం, ప్యాకెట్ రెండూ ఒకటేనని 2020 దాకా నాకు తట్టలేదు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో మా సుల్తాన్ బజార్‌కి మెట్రో స్టేషన్ వచ్చింది. ఆ రైలు మార్గం వద్దని బజార్ వ్యాపారులు ఏళ్ళ తరబడి గొడవ చేశారు, చివరికి వచ్చింది. వచ్చిన ఆరు వారాలకే లాక్‌డౌన్. పొద్దున్నే గాజుల బండ్లతో, చీరల బేరాలతో గోలగోలగా ఉండే వీధిలో మధ్యాహ్నం పూట పావురాల రెక్కల చప్పుడు వినిపించేది. మావారు షాపు మూసేసి ఇంట్లో కూర్చున్నారు. అమ్మాయి కోఠీ ఉమెన్స్ కాలేజీలో డిగ్రీ పూర్తి చేసి ఏడాదవుతోంది. అబ్బాయి ఇంజనీరింగ్ రెండో ఏడాది. ఇద్దరూ ఇల్లు దాటే దారి లేక ఒకరి మీద ఒకరు పడి పోట్లాడుకుంటుంటే, మావాడు ఒక ఆట తయారు చేస్తానన్నాడు.

కొన్నది కాదు, వాడే రాశాడు, సి భాషలో. రెండు రంగుల చుక్కలు ఒక చిక్కుదారిలో ఒకదాన్నొకటి తరుముకుంటాయి. చూడ్డానికి ఏమీ లేదు గానీ పిల్లలిద్దరూ రాత్రి పదింటిదాకా ఆడేవారు. వాడి లాప్‌టాప్‌లో సర్వర్ నడిచేది. అమ్మాయి పక్కగదిలో పాత లాప్‌టాప్ పెట్టుకుని వైఫై మీద ఆడేది. ఆడుతూనే తిట్టుకోవడానికి అడుగున చాటింగ్ గడి ఒకటి పెట్టాడు. అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు తెలుగువి, ఇప్పటి పిల్లలందరూ రాసుకున్నట్టే.

ఒక మధ్యాహ్నం నేను బియ్యంలో రాళ్ళేరుకుంటుంటే లాప్‌టాప్ ఎత్తుకొచ్చి పక్కన కూర్చున్నాడు. "అమ్మా, తమాషా చూడు."

ఆట ఎక్కడో నెమ్మదిస్తోందని వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాడట. కంప్యూటర్లోకి వచ్చే, పోయే ప్రతి ప్యాకెట్‌నీ విప్పి లోపలేముందో చూపిస్తుంది అది. 1998లో గెరాల్డ్ కూంబ్స్ అనే ఆయన మొదలుపెట్టి ఊరికే అందరికీ ఇచ్చేశాడు. తెర మీద ఎడమవైపు అంకెల వరసలు, కుడివైపు ఆ అంకెలకి సరిపోయే అక్షరాలు. అక్షరం కానిచోట చుక్క.

"అక్క నిన్న నాకు 'హా' అని పంపింది. నా తెర మీద 'హా' అనే వచ్చింది. కానీ ప్యాకెట్‌లో ఏముందో చూడు."

'హా' అని ఉంది, ఒక చుక్క ఉంది, దాని వెనక 'చి పులుసు కావాలా ఆవకాయ ఉందా' అని ఉంది. అంతకుముందు 'పచ్చి పులుసు కావాలా ఆవకాయ ఉందా' అని ఏదో పంపిందట. ఆ మాటల తోక మిగిలిపోయి కొత్త ప్యాకెట్‌లో ప్రయాణం చేసింది.

నేను అడిగాను, పంపించిన మాట మళ్ళీ ఎందుకు పోతుందని. వాడు చెప్పింది నాకు అర్థమైన పద్ధతిలో చెబుతాను. మాట పెట్టుకోవడానికి వాడు 128 అక్షరాలు పట్టే డబ్బా ఒకటి పెట్టాడు. దాన్ని బఫర్ అంటారు. ప్రతి మాటకీ అదే డబ్బా. కొత్త మాట వచ్చినప్పుడు డబ్బా కడగలేదు. పాతదాని మీద పై పొరగా కొత్త మాట పోసి, ఎక్కడిదాకా కొత్తదో గుర్తుకి ఒక సున్నా పెట్టాడు. చదివే ప్రోగ్రామ్ సున్నా దగ్గర ఆగిపోతుంది కాబట్టి తెర మీద తేడా కనపడదు. కానీ పంపేటప్పుడు మాత్రం డబ్బా మొత్తం పంపేశాడు, 128 అక్షరాలూ. సున్నా వెనకున్న పాత సరుకు కూడా అటు వెళ్ళింది.

"మరి డబ్బా కడగొచ్చు కదరా?"

"సి భాషలో మనం కడగమంటేనే కడుగుతుందమ్మా. తనంతట తను కడగదు."

1970ల మొదట్లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ ఈ భాషని తయారుచేసిన రోజుల్లో కంప్యూటర్లు మహా నెమ్మది. అడగని పని ఒక్కటి చేసినా టైము దండగ. అందుకని మెమరీలో చోటు అడిగితే, అంతకుముందు అక్కడ ఎవరు ఏం పెట్టుకున్నారో అది అలాగే ఉంచి ఇచ్చే పద్ధతి వచ్చింది. ఆటలు రాసేవాళ్ళకి ఇప్పటికీ అదే తొందర. ఆట సర్వర్ ప్రతి సెకనుకీ పదుల సంఖ్యలో ప్యాకెట్లు పంపాలి, ఎవరు ఎక్కడున్నారో, ఎటు తిరిగారో అన్నీ. ఒకే డబ్బాని మళ్ళీ మళ్ళీ వాడుకోకపోతే ఆట ఆగి ఆగి నడుస్తుంది. వాడుకోవడంలో తప్పు లేదు, కడగకపోవడంలోనే ఉంది.

నాకు పొట్లాలు గుర్తొచ్చాయి. వాడికి జవాబు పత్రం గురించి చెప్పాను. "కరెక్ట్ అమ్మా, అంతే అది" అని ఉత్సాహంగా ఇంకా పాతవి చూపిద్దామని తెరని కిందకి జరుపుతున్నాడు. ఆవకాయ, ఎవరో యూట్యూబ్ అమ్మాయి పేరు, వాడిని తిట్టిన తిట్లు. ఇద్దరం నవ్వుకుంటున్నాం. అప్పుడొచ్చింది ఆ వరస.

ఇక్కడ కాస్త వెనక సంగతి చెప్పాలి. అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. మార్చి మొదట్లో చూసి వెళ్ళారు. మంచి కుటుంబం, అబ్బాయికి ఉద్యోగం ఉంది. లాక్‌డౌన్ తీసేశాక పెట్టుకుందాం, మాట మాత్రం ఆదివారం ఫోన్లో అనేసుకుందాం అన్నారు. అమ్మాయిని అడిగితే "మీ ఇష్టం" అంది. నేను ఇంకోసారి అడిగితే "సరే అన్నాను కదమ్మా" అని విసుక్కుంది. తమ్ముడు కూడా ఆ ముందురోజు రాత్రి ఆట మధ్యలో అడిగాడట, నీకు ఓకేనా అని. 'ఓకే' అని జవాబిచ్చింది. వాడి తెర మీద వచ్చింది అంతే.

ప్యాకెట్‌లో 'ఓకే' వెనక చుక్క, దాని వెనక ఇలా ఉంది: 'అకి చెప్పకు నాకు ఇప్పుడే పెళ్ళి వద్దు పీజీ చదవాలని ఉంది నాన్న అప్పు చేసి'.

అక్కడితో అయిపోయింది. మొదటి మూడు ఇంగ్లీషు అక్షరాల మీద 'ఓకే', సున్నా పడ్డాయి. అవి కలుపుకుంటే 'అమ్మకి చెప్పకు'. ఇది పంపిన పాత మాట కాదు. టైపు చేసి, సగంలో ఆగి, వెనక్కి చెరుపుకుంటూ వచ్చి, 'ఓకే' కొట్టింది. మావాడు రాసిన ప్రోగ్రామ్‌లో చెరిపే మీట నొక్కితే లెక్క ఒకటి తగ్గేది కానీ అక్షరం చెరిగేది కాదు. పలక మీద తడిగుడ్డ పెట్టకుండా ఉత్తినే చెయ్యి ఆడించినట్టు.

వాడు చటుక్కున తెర మూశాడు. నేను చాటలో బియ్యం అటూ ఇటూ జరిపాను. ఎదురు గదిలోంచి అమ్మాయి ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. "ముందు దాన్ని సరిచెయ్యి" అన్నాను. వాడు ఒక్క లైను రాశాడు. నిజంగానే ఒక్క లైను. మాట పెట్టేముందు డబ్బా అంతా సున్నాలతో నింపమని.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. విషయం ఎలాగూ తలలో తిరుగుతోంది, దానితో పాటు ఇంకో బెంగ. పందొమ్మిదేళ్ళ పిల్లాడు తెలియక చేసిన తప్పు కాబట్టి సరిపోయింది, మిగతా ప్రపంచం ఇలాగే ఉందా? బ్యాంకులూ ఆస్పత్రులూ? మర్నాడు వాడిని అడిగితే నవ్వి కొన్ని పేర్లు చెప్పాడు. తరవాత ఎన్నో మధ్యాహ్నాలు నేనే వాటి గురించి చదువుకున్నాను. ఇది పెద్దపెద్దవాళ్ళు చేసిన తప్పే.

అన్నిటికన్నా నాకు నచ్చిన కథ ఈథర్‌లీక్. కంప్యూటర్లని తీగతో కలిపే ఈథర్‌నెట్ పద్ధతి 1973లో జిరాక్స్ వాళ్ళ పరిశోధనశాలలో పుట్టింది, బాబ్ మెట్‌కాఫ్ పేరు చెబుతారు. ఒకే తీగ మీద ఇద్దరు ఒక్కసారే మాట్లాడితే మాటలు గుద్దుకుంటాయి. గుద్దుకున్నాయని తెలియాలంటే ప్రతి మాటా కాస్త పొడుగ్గా ఉండాలి. అందుకని లోపలి సరుకు 46 బైట్లకి తగ్గకూడదని నియమం పెట్టారు. మరి సరుకు అంత లేకపోతే? 'ఈ అడ్రసు ఎవరిది?' అని కంప్యూటర్లు ఒకదాన్నొకటి అడిగే ప్రశ్న 28 బైట్లే ఉంటుంది. మిగిలిన 18 బైట్లు దేనితోనో నింపాలి. సున్నాలతో నింపండి అని 1984లో, మళ్ళీ 1988లో నియమ పత్రాల్లో రాసిపెట్టారు కూడా.

కొంతమంది నింపలేదు. పొట్లం నిండలేదని కొట్టాయన పక్కన ఏది చేతికందితే అది కుక్కినట్టు, నెట్‌వర్క్ కార్డుని నడిపే ప్రోగ్రామ్‌లు రాసినవాళ్ళు అప్పటికి మెమరీలో ఏది ఉంటే దానితోనే పంపేశారు. 2003 జనవరిలో ఓఫిర్ ఆర్కిన్, జోష్ ఆండర్సన్ అనే ఇద్దరు ఈ సంగతి బయటపెట్టారు. లినక్స్, విండోస్, ఇంకా చాలావాటికి రాసిన ప్రోగ్రామ్‌లలో ఇదే తప్పు. అదే నెట్‌వర్క్ మీదున్న మనిషి చిన్న పలకరింపు ఒకటి పంపి, తిరిగొచ్చిన జవాబు అడుగున చూస్తే, అవతలి కంప్యూటర్ మెమరీలోంచి చిటికెడు ముక్క. పదే పదే పలకరిస్తే పదే పదే ముక్కలు. నియమం రాసిపెట్టి పందొమ్మిదేళ్ళు! రాసింది ఒకళ్ళు, చదవాల్సింది ఇంకొకళ్ళు, చెయ్యాల్సింది మరొకళ్ళు. మా అపార్ట్‌మెంట్ నీళ్ళ ట్యాంకు కడిగించే కమిటీ లాగే.

హార్ట్‌బ్లీడ్ పేరు మాత్రం నేను ముందే విన్నాను. 2014 ఏప్రిల్లో మా మరిది గచ్చిబౌలిలో ఆఫీసులోనే మూడు రాత్రులు ఉండిపోయాడు. తెలంగాణ వచ్చేస్తోంది, ఎన్నికలు నెలాఖర్లో, ఇల్లంతా అవే మాటలు. మా తోటికోడలు ఫోన్ చేసి "ఏదో గుండె జబ్బు వచ్చిందట కంప్యూటర్లకి" అంటే అందరం నవ్వాం.

వెబ్‌సైట్ అడ్రసు పక్కన చిన్న తాళం బొమ్మ ఉంటుంది చూడండి, ఆ తాళం వెనక పనిచేసే సాఫ్ట్‌వేర్లలో బాగా వాడుకలో ఉన్నది ఓపెన్ఎస్ఎస్ఎల్. అందులో 'బతికే ఉన్నావా' అని అడిగే పలకరింపు ఒకటి 2012 మార్చిలో వచ్చిన రకంతో చేరింది. పద్ధతి ఏమిటంటే, అడిగేవాళ్ళు ఒక మాట పంపి, ఇది ఇన్ని అక్షరాలు, ఇదే నాకు తిరిగి పంపు అంటారు. ఎన్ని అక్షరాలో నిజంగా లెక్కపెట్టి చూసుకునే లైను రాయడం మరిచిపోయారు. పక్కింటావిడ గిన్నెలో మూడు లడ్డూలు పంపి "అయిదువందల లడ్డూలు పంపాను, అన్నీ తిరిగి ఇచ్చేయండి" అందనుకోండి. మనింట్లో అమాయకురాలు ఎవరో లెక్కపెట్టకుండా ఆ మూడూ గిన్నెలో పెట్టి, అయిదువందలు నిండేదాకా అలమరలో పక్కనున్నవన్నీ కూడా పెట్టి ఇచ్చేసింది. పోపుల డబ్బా, రేషన్ కార్డు, గొలుసు. ఒక్కసారికి 64 కిలోబైట్ల దాకా లాగొచ్చు. ఎన్నిసార్లు లాగినా సర్వర్‌లో ఆనవాలు మిగలదు.

రెండేళ్ళు అలాగే నడిచింది. గూగుల్‌లో పనిచేసే నీల్ మెహతా, విడిగా ఫిన్లండ్‌లో కోడెనోమికాన్ అనే కంపెనీ ఇంజనీర్లు కనిపెట్టారు. ఏప్రిల్ 7న లోకానికి తెలిసింది. దాదాపు అయిదు లక్షల సర్వర్లు, అంటే అలాంటి తాళం వేసుకున్నవాటిలో 17 శాతం, ఈ తప్పుతో ఉన్నాయని లెక్క వేశారు. మర్నాడే మైన్‌క్రాఫ్ట్ ఆట నడిపే మొజాంగ్ కంపెనీ తన సర్వర్లని కాసేపు ఆపేసింది. కెనడాలో పన్నుల శాఖనుంచి 900 మంది గుర్తింపు సంఖ్యలు ఎవరో లాగేశారు.

నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించింది మమ్స్‌నెట్ కథ. బ్రిటన్‌లో 2000లో జస్టిన్ రాబర్ట్స్ మొదలుపెట్టిన తల్లుల వెబ్‌సైట్ అది. పాలు తాగని పిల్లలు, మాట వినని మొగుళ్ళు, అత్తగార్లు, రాత్రి రెండింటికి నిద్రపట్టని ఆడవాళ్ళు. మనం ఇక్కడ రాసుకునేవన్నీ అక్కడా ఉంటాయి. అందరూ మారుపేర్లతో. 2014 ఏప్రిల్లో ఆవిడ పేరుతోనే, ఆవిడ పాస్‌వర్డ్‌తోనే ఎవరో లోపలికి వచ్చి రాశారు. అలా తెలిసింది ఆవిడకి. అందరి పాస్‌వర్డ్‌లూ మార్పించారు. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. మారుపేరుతో రాసుకున్నది ఎవరో చదివారేమో అన్నది ఎలా మార్చుకుంటారు?

ఇంకొక్క సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ప్రపంచంలో ఇన్ని బ్యాంకులు, ఇన్ని కంపెనీలు ఆ తాళాన్ని వాడుకుంటున్నాయి కదా. దాన్ని బాగుచేసేవాళ్ళలో పూర్తికాలం ఆ పని మీదే ఉన్నది ఒక్కరు. మిగతావాళ్ళు ఖాళీ దొరికినప్పుడు చేసేవారు. ఊరికే విరాళంగా వచ్చేది ఏడాదికి దాదాపు 2,000 డాలర్లని దాని డబ్బు లెక్కలు చూసే స్టీవ్ మార్క్వెస్ చెప్పాడు. తప్పు లైను రాసిన జర్మన్ కుర్రాడిని అందరూ వేలెత్తి చూపారు. రోజూ చేసినప్పుడు కనపడదు, ఒక్కరోజు ఉప్పు మరిచిపోతే ఇంటిల్లిపాదికీ కనపడుతుంది. ఈ సంగతి నాకు ఎవరూ వివరించక్కర్లేదు. ఆ గొడవ తరవాతే పెద్ద కంపెనీలు చందాలు వేసుకుని డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాయి.

2017లో క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీలో మళ్ళీ ఇలాంటిదే. వేల వెబ్‌సైట్లు దాని గుండా వెళతాయి. 'సరిగ్గా ఇక్కడికి వచ్చావా' అని చూసే లైను ఉంది గానీ, 'దాటిపోయావా' అని చూడలేదు. చదివే ప్రోగ్రామ్ గీత దాటి దూకి, పక్కవాళ్ళ సరుకు వేరేవాళ్ళ పేజీ అడుగున పోసింది. బాగా ఎక్కువగా కారిన రోజుల్లో కూడా 33 లక్షల పేజీల్లో ఒక్కదానికి జరిగేదట. గూగుల్‌లో టావిస్ ఆర్మండీ కంటపడింది. కొన్ని గంటల్లో ఆపేశారు. కానీ అప్పటికే సెర్చ్ ఇంజన్లు ఆ పేజీలకి నకళ్ళు తీసి దాచుకున్నాయి. వాటిని వెతికి వెతికి తీయించడానికి రోజులు పట్టింది. నా చింతపండు పొట్లం కాగితం ఇంకా ఎన్ని ఇళ్ళకి వెళ్ళిందో ఎవరు వెతుకుతారు?

ఆ మాటకొస్తే మా బజార్ కూడా డబ్బా కడగని వ్యవహారమే. ఒకప్పుడు ఇది రెసిడెన్సీ బజార్, ఇంగ్లీషువాళ్ళ అధికారం కింద ఉండేది. 1933లో నిజాం చేతికి తిరిగొచ్చాక సుల్తాన్ బజార్ అయింది. మా మామయ్యగారు పోయేదాకా "రెసిడెన్సీ దగ్గర" అనేవారు, ఉమెన్స్ కాలేజీని ఉద్దేశించి. రెసిడెంటు కోసం కట్టిన ఆ భవనంలోనే మా అమ్మాయి బీకాం చదివింది. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మాకు నడిచి వెళ్ళే దూరం. డిగ్రీ మూడేళ్ళూ సెలవు వస్తే అది అక్కడే ఉండేది. ఎంకాం పుస్తకాలు కోఠీ ఫుట్‌పాత్ మీద సగం ధరకి కొనుక్కొచ్చి బీరువా అడుగున పెట్టుకుందని కూడా నాకు తెలుసు. పాత పుస్తకాలే కదా అనుకున్నాను. చెరిపేసిన మాట చదివాక గానీ కళ్ళెదురుగా ఉన్నవి కనపడలేదు.

శనివారం రాత్రి మావారితో చెప్పాను. ఎలా తెలిసిందో చెప్పలేదు. "దానికి చదవాలని ఉంది, నాకు తెలుసు, అప్పు సంగతి కూడా దాని మనసులో ఉంది" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. షాపు మూసి నెల దాటింది, పెళ్ళికని తీసిపెట్టిన డబ్బులోంచే ఇల్లు నడుస్తోంది. సంబంధం వదులుకుంటే మళ్ళీ ఇలాంటిది రాదేమోనని ఆయన భయం. అది నాకూ ఉంది. తెల్లవారాక ఆయనే ఫోన్ చేసి, అమ్మాయి ఇంకా చదువుకుంటానంటోందండీ అని మర్యాదగా చెప్పారు. వాళ్ళూ మర్యాదగానే పెట్టేశారు.

అమ్మాయి ఆనందపడుతుందనుకున్నాను. ముందు ఆశ్చర్యపోయింది. సాయంత్రానికి అనుమానం వచ్చింది. "నేను ఎవరికీ చెప్పలేదు. నీకెలా తెలుసు?" తల్లిని కదా తెలుస్తుంది అని దాటేద్దామనుకున్నాను. తమ్ముడి ముఖం చూసి పట్టేసింది. వాడు నిజం చెప్పాడు, ప్యాకెట్ తెరిచి చూపించాడు కూడా, అదో వింతలాగా.

అది కేకలు వేయలేదు. "నేను చెరిపేశాను" అంది. "చెరిపేసింది నువ్వెందుకు చదివావు?"

అనుకోకుండా కనపడిందన్నాను. నిజమే. కానీ మొదటి నాలుగు మాటలు చదవగానే అది ఏమిటో తెలిసిపోయింది, చివరిదాకా చదివాను. అదీ నిజమే. నీ మంచికే జరిగింది కదా అన్నాను. "మంచి జరగడం వేరు. రేపు ఇంకేదైనా చదువుతావు, అది నా మంచికి కాదు" అంది. రెండు రోజులు మాట్లాడలేదు. ఒక ఇంట్లో నలుగురం, బయటికి పోయే దారి లేదు, మాటలు లేవు. ఆ రెండు రోజులూ ఎలా గడిచాయో నాకే తెలుసు. అత్తయ్య చేతిలో చుట్టచుట్టిన ఆ ఉత్తరం ముక్క ఎన్నిసార్లు గుర్తొచ్చిందో. మూడోరోజు పొద్దున టీ ఇస్తూ, "చదవకుండా ఉండాల్సింది" అన్నాను. అది కప్పు తీసుకుని, "ఊఁ" అంది. తరవాత, "అడిగితే చెప్పేదాన్నేమో, ఇంకో రెండుసార్లు అడిగితే" అంది. రెండుసార్లు అడిగాను కదే అన్నాను. "నువ్వు అడిగింది సరే అనిపించుకోవడానికి."

దానికి నా దగ్గర జవాబు లేదు.

తమ్ముడి మీద వేరే కేసు పెట్టింది. వైర్‌షార్క్ దాచిన ఫైలు తన కళ్ళెదుట తీసేయాలంది. తీసేశాడు. రీసైకిల్ బిన్ ఖాళీ చెయ్యమంది. చేశాడు. అప్పుడు వాడు నోరు మూసుకోకుండా, నిజానికి డిస్కు మీదనుంచి ఇంకా పోలేదక్కా, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుందంతే, దాని మీద ఇంకేదైనా రాసేదాకా అక్కడే ఉంటుంది అని పాఠం మొదలుపెట్టాడు. అది దిండు విసిరింది. ఇంట్లో మళ్ళీ మాటలు అలా మొదలయ్యాయి.

ఎంకాం అయిపోయింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, అప్పు తనే తీర్చింది. ఆ పాత లాప్‌టాప్‌ని మొన్న దసరాకి ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దామన్నారు మావారు, రెండువేలు వస్తుందట. అమ్మాయి వద్దంది. చీర పెట్టెలో చుట్టి అటక మీద పెట్టించింది.